తీయని ఫోటో

కంటి వార్డు బయట బల్ల మీద అతను కూర్చుని చాలాసేపే అయింది. నడవా చివరి పెద్ద కిటికీలోంచి పొద్దుటి ఎండ నేల మీద పలకలా పడి, ఒక్కసారి కూడా కదులుతూ పట్టుబడకుండా, అతని బూట్ల వైపు వస్తోంది. ఇందాక మందుల బండి చక్రం దగ్గర ఉంది, ఇప్పుడు చక్రం దాటింది. లోపల అక్క ఉంది. నిన్న మధ్యాహ్నం ఆపరేషను అయింది. డాక్టరమ్మ మిగతా రోగుల్ని చూసుకుని వచ్చి కట్టు విప్పుతుందని, అప్పుడు పిలుస్తానని చెప్పి నర్సు తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. అతని ఒళ్ళో సంచి ఉంది, సంచిలో కెమెరా ఉంది. కెమెరాలో మాత్రం, కట్టు విప్పగానే అక్క అడగబోయే ఫోటో లేదు. ఎప్పుడూ లేదు. ఆ మాట తనకి తను చెప్పుకోవడం ఇష్టంలేక అతను మళ్ళీ ఎండ వైపు చూశాడు. పలక అంచు పదునుగా లేదు, నీళ్ళలో తడిపి తీసిన కాగితం అంచులా మెత్తగా ఉంది. కిటికీ దూరమైనకొద్దీ అంచు మెత్తబడుతుంది అనుకున్నాడు. రెండేళ్ళ కిందట ఇదే నడవాలో కూర్చుని ఉంటే అతనికి ఎండ కనిపించేదే కాదు, ఆలస్యం ఒక్కటే కనిపించేది.

అటుపక్క లిఫ్టు ఆగినప్పుడల్లా దాని తలుపు మూసుకోబోయి, ఏదో మర్చిపోయినట్టు ఒక్క క్షణం తటపటాయించి, అప్పుడు మూసుకుంటోంది. తలుపు కింది చక్రం అరిగింది, ఇవాళో రేపో మొరాయిస్తుంది అని అతని చెవి తనంతట తానే అనేసుకుంది. వయసొచ్చిన దగ్గర్నుంచీ లిఫ్టులు బాగుచేస్తూ బతికిన చెవి, ఎక్కడికెళ్ళినా దాని పని అది చేసుకుపోతుంది. లిఫ్టు ఆపి, అది నడిచే నిలువు సొరంగంలోకి దిగినప్పుడు చుట్టూ కటిక చీకటి, గ్రీజు వాసన, పైన ఇనప తాళ్ళు సన్నగా ఒణుకుతున్న చప్పుడు. ఒక్కో అంతస్తు తలుపు సందులోంచి మాత్రం దారమంత వెలుతురు లోపలికి వస్తుంది. ఆ దారంలో దుమ్ము లేస్తుంది, తిరుగుతుంది, ఎవరో ఊదినట్టు పక్కకి తప్పుకుంటుంది. పానా చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోతే పైనుంచి తోటి పనివాడు కేకేసేవాడు, ఏం బాబాయ్, బతికున్నావా అని. బతికున్నా అనేవాడు. ఆ దుమ్ము సంగతి ఎవరితోనూ అనలేదు. పాత సామాన్ల దుకాణంలో ఆ కెమెరా కనబడి, ఎందుకో తెలియకుండానే ఇంటికి తెచ్చుకున్నప్పుడు అతని మనసులో ఉన్నది బహుశా ఆ దారమే. తీరా తీసినవేమో మేడల మీది నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, పావురాలు. అన్నీ పక్కకి ఒరిగిపోయి, ఊరంతా ఒక చెవి కిందకి వంచి నిద్రపోతున్నట్టు వచ్చేవి.

అవి అక్క చూడలేదు. అప్పటికే ఆమెకి ఒక కన్ను లేదు. చాలా ఏళ్ళ కిందట వేరే చోట, వేరే చేతుల్లో, ఆపరేషను తర్వాత చీము పట్టి పోయింది. మిగిలిన కంట్లో శుక్లం మెల్లమెల్లగా ముదిరి, మొదట సూదిరంధ్రం, తర్వాత గుడ్డ మీద సుద్ద గీత, ఆ తర్వాత ఎదుటి మనిషి మొహం, ఒక్కొక్కటే మాయమయ్యాయి. పాలు కలిపిన నీళ్ళలో మునిగి చూస్తున్నట్టుందిరా అనేది. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, ఎవరైనా అడ్డొస్తే తెలుస్తుంది, ఎవరన్నది తెలీదు. ఇది తీసేస్తే చూపొస్తుందమ్మా అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆమె జవాబు ఒక్కటే. ఉన్న దీపం కూడా ఆర్పుకోమంటారా అని. కింద అక్క నడిపిన కుట్టు దుకాణం మూతపడింది. మేడ మీద రెండు గదుల్లో ఆ అక్కా ఈ తమ్ముడూ. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో అతను, లిఫ్టులో ఇద్దరికి చోటుంటే మూడోవాళ్ళని ఎక్కించకూడదండీ అని నవ్వేసేవాడు. బావ పోయాక అక్క ఆ మాటకి నవ్వడం మానేసింది.

సాయంత్రాలు గుర్తొచ్చాయి అతనికి. నిజానికి కొన్ని వందల సాయంత్రాలు, కానీ ఇప్పుడు అన్నీ కలిసి ఒకటే అయిపోయాయి. అతను చేతులకి అంటిన గ్రీజు సబ్బుతో కడుక్కుంటుంటాడు, అక్క కిటికీ దగ్గర ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని గుండీలు ఏరుతుంటుంది, వేలి కొసతో తడిమి, రెండు రంధ్రాలవి ఇటు, నాలుగు రంధ్రాలవి అటు. ఇవాళ ఏం తీశావురా చిన్నోడా అంటుంది. అతనికి యాభై దగ్గరపడుతున్నా ఆమెకి చిన్నోడే. రోడ్డు తీశానక్కా అంటాడు. ఆ, తర్వాత? తర్వాతేముంది, రోడ్డు. అక్క గుండీ పక్కన పెట్టి, రోడ్డంటే రోడ్డేనా, తడిగా ఉందా పొడిగా ఉందా, ఎండ ఎటునుంచి పడుతోంది, మనుషులున్నారా లేరా, ఉంటే వస్తున్నారా పోతున్నారా అని వరసపెట్టి అడిగేది. అతను నీళ్ళు నమిలేవాడు. అంచుల్లో ఏముందిరా అనేది చివరికి, బట్టైనా బొమ్మైనా పాడయ్యేది అంచుల దగ్గరే. అంచుల్లో ఏముందో అతనికి తెలిసేది కాదు. కెమెరా తెర వెనక్కి తిప్పి చూస్తే ఒక మూల సగం తెగిన కుర్చీ, ఇంకో మూల ఎవరిదో మోచెయ్యి. ఇవెప్పుడొచ్చాయి ఇందులోకి అని ఆశ్చర్యపోయేవాడు. మర్నాడు అదే రోడ్డుకి మళ్ళీ వెళ్ళేవాడు. వెళ్ళేది ఫోటో కోసం అనుకునేవాడు గానీ, అక్కకి చెప్పడానికి ఏముందో చూసుకోవడానికే వెళ్ళేవాడు.

ఆదివారాలు గ్రంథాలయం వెనక గదిలో క్లాసు ఉండేది. చెప్పే మాస్టారు ఒకప్పుడు స్టూడియో నడిపిన మనిషి. ఆయన మాట్లాడేటప్పుడు కూడా ఒక కన్ను కొంచెం మూసుకునేవాడు. మొదటి వారం అందరూ సూర్యాస్తమయాలు పట్టుకెళితే ఆయన పక్కన పెట్టేసి, ఇంట్లో ఒక చెంచా తీసుకోండి, పొద్దున తీయండి, మధ్యాహ్నం తీయండి, సాయంత్రం తీయండి, అంతే, అన్నాడు. అతను చెంచా తీశాడు. పొద్దున అది వెండిలా ఉంది, మధ్యాహ్నం అల్యూమినియంలా, సాయంత్రం ఎవరో తాగి వదిలేసిన నీళ్ళలా. మూడింట్లోనూ గుంటలో తల్లకిందులుగా తనే ఉన్నాడు, కెమెరా మొహానికి అడ్డం పెట్టుకుని. అది చెప్పగానే అక్క పకపకా నవ్వి, చెంచాడు కూడా లేవన్నమాట అంది. ఆ తర్వాత మనుషుల్ని తీసుకురమ్మన్నాడు మాస్టారు. అందరూ అమ్మల్ని, పెళ్ళాల్ని, పక్కింటి పిల్లల్ని తెచ్చారు. అతను అక్క చేతులు తెచ్చాడు, అక్క మెడ, జడ, కిటికీ వైపు తిరిగిన వీపు తెచ్చాడు. ఆయన ఒక్కొక్కటే చూసి, వెలుతురు తెలిసిందయ్యా నీకు, మరి ఈవిడకి మొహం లేదా అన్నాడు. గదిలో నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ చెవులు వేడెక్కాయి.

మొహం ఎందుకు తీయలేదో మాస్టారికి చెప్పలేకపోయాడు. తీయబోయాడు. కెమెరా ఎత్తిన ప్రతిసారీ ఆ చిన్న చప్పుడుకి అక్క ఇటు తిరిగేది, కానీ సరిగ్గా ఇటు కాదు, ఒక జానెడు పక్కకి, అతని భుజం వెనక ఇంకెవరో నిలబడ్డట్టు అక్కడికి. గాజులోంచి చూస్తే ఆ మొహం దగ్గరికొచ్చేది. మూసుకుపోయిన కన్ను ఒకటి, తెల్లటి పొర కింద ఎదురుచూస్తున్న కన్ను ఒకటి. తను ఆమెని చూస్తున్నాడు, ఆమె చూడట్లేదు. వేలు బటన్ మీద ఉండేది, దిగేది కాదు. చిన్నప్పుడు అమ్మ ఫ్యాక్టరీకి రాత్రి డ్యూటీకి వెళ్ళిపోతే అక్కే తనని నిద్రపుచ్చేది. నిద్రపోయాడనుకుని ఆమె దీపం దగ్గర కూర్చుని కుట్టుకుంటుంటే, కళ్ళు కొంచెమే తెరిచి, రెప్పల మధ్యనుంచి చూస్తూ పడుకునేవాడు. దారం కొరికినప్పుడు ఆమె పెదవి ఒకవైపుకి వెళ్ళేది. అప్పుడప్పుడు ఎవరూ లేరనుకుని ఏడ్చేది. అలా దొంగచాటుగా చూసినందుకు మర్నాడంతా ఆమె మొహంలోకి చూడలేకపోయేవాడు. ఆ పిల్లాడే ఇంకా వేలు పట్టుకుని ఆపుతున్నాడేమో. అమ్మ ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి స్టూడియోకి వెళ్ళారు. ఎత్తు స్టూలు మీద తను, పక్కన అక్క. తీరా నొక్కే వేళకి వీడెక్కడ పడతాడో అని అక్క ఇటు తిరిగింది. ఆ ఫోటోలో అతని చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు, రెండు చేతులు రెండు రంగుల గుడ్డతో అక్క కుట్టిన చొక్కా. కదిలిన అక్క మొహం ఉండాల్సిన చోట పొగలాంటి మసక. అమ్మ ఆ ఫోటో గోడకి పెట్టలేదు, పారేయనూ లేదు.

ఎండ పలక బూటు కొసకి తగిలింది. లోపల ఏదో ఇనప వస్తువు పళ్ళెంలో పెట్టిన చప్పుడైంది. డాక్టరమ్మ ఇంకా రాలేదు, నర్సే అయ్యుంటుంది. లేని ఫోటో ఉందన్న ఆ అబద్ధం ఎప్పుడు పుట్టిందో అతనికి బాగా తెలుసు. మొహం లేదా అని మాస్టారు అడిగిన ఆదివారమే. ఇంటికొచ్చేసరికి అక్క మామూలుగా, ఏం తీశావురా అంది. నోరు జారింది. నీ మొహమే తీశానక్కా అన్నాడు. ఆమె చేతిలో గుండీ ఆగిపోయింది. ఎప్పుడు? పొద్దున, కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ పొద్దున రేడియోలో ఎవరో ఏదో అంటే, గుండీలు గుచ్చుతున్న అక్క పంటికింద దారం అలాగే ఉంచుకుని నవ్వింది. ఎండ ఎడమ చెంప మీద పడి, చెంప దాటి, గోడ మీదికి పాకింది. తెల్లజుట్టు ఒక్కొక్క పోగూ వెలిగింది. అతని చేతిలో కెమెరా ఉంది, వేలు బటన్ మీద ఉంది. చూస్తూ ఉండిపోయాడు, నవ్వు అయిపోయింది. ఆ చూసిందంతా చూసినట్టే చెప్పాడు అక్కకి. చెబుతుంటే అది నిజంగానే తీసినట్టు అంచులతో సహా కనిపించింది. పైన కిటికీ చట్రం, కింద పళ్ళెం, కుడివైపు ఖాళీ గోడ.

"నవ్వుతున్నానా?" అంది అక్క.

"ఆ."

"పళ్ళు కనిపిస్తున్నాయా?"

"కొంచెం."

"ఏం వేసుకున్నాను?"

"నీలం స్వెట్టర్."

"మోచేతి దగ్గర మాసిక కనిపిస్తోందా?"

"లేదు, అటు చెయ్యి కిందకుంది."

ఆమె పళ్ళెం ఒళ్ళోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఆ సాయంత్రం ఆమె మొహం మీదికి వచ్చిందేమిటో అతను పోల్చుకోలేకపోయాడు, అక్కడ దీపం లేదు. మర్నాడు పొద్దున టీ తాగుతూ, ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళరా అంది, ఎంతోకాలంగా అనుకుంటున్న మాటలా. నాలుగేళ్ళు ఎవరు చెప్పినా విననిది. ఎందుకక్కా ఇప్పుడు అంటే, నేనింకా నవ్వుతానని నాకు తెలీదురా, చూడాలి అంది.

అప్పటినుంచి అతనికి కుడితిలో పడ్డ ఎలుక బతుకే అయింది. చెప్పేద్దామని ఎన్నిసార్లు గదిలోకి వెళ్ళాడో, కెమెరా ఊరికే తుడిచి బయటికి వచ్చాడో. చెబితే ఆమె ఆపరేషను మానేస్తుంది, చీకట్లోనే ఉండిపోతుంది. చెప్పకపోతే ఒక లేని కాగితం కోసం ఉన్న ఒక్క కన్నూ పణంగా పెడుతుంది. మొదటి కన్ను పోయిన రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన నేల మీద పడుకున్నాడు అతను. రాత్రంతా ఆమె అరవకుండా దిండు కొరుక్కోవడం విన్నాడు. ఆ ఫోటో ఇప్పుడైనా తీసేస్తే అబద్ధం నిజమైపోతుంది కదా అని పొద్దున్నే కిటికీ ఎదురుగా మాటు వేశాడు. కానీ రుతువు మారిపోయింది, ఎండ ఆ చెంప దాకా రావడం మానేసి గడప దగ్గరే కూలబడుతోంది. నవ్వించబోతే అక్క, ఏమిట్రా ఇవాళ మరీ జోకులేస్తున్నావు, పనిలోంచి తీసేశారా అంది. ఒకసారి నొక్కేశాడు కూడా. చూసుకుంటే అందులో ఉన్నది ఒక కుర్చీ, దాంట్లో ఎవరికోసమో చెవి ఒగ్గి కూర్చున్న ఒక ముసలావిడ. ఆ మనిషెవరో అతనికి తెలీదు. ఆ ఫోటో చెరిపేశాడు. నిన్న ఆపరేషను గదిలోకి తీసుకెళుతుంటే ఆమె తోపుడుమంచం మీంచి చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది. ఫోటో తెచ్చావా అంది. సంచిలో ఉందక్కా అన్నాడు. సంచిలో కెమెరా ఉంది, ఆ మాటవరకూ నిజమే. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. వెచ్చగా ఉంది. ఈ వెచ్చదనంలో ఇలాగే, పిలవకుండా, తెలుసుకోకుండా, ఇంకొంచెంసేపు కూర్చోనిస్తే బాగుండుననిపించింది. లిఫ్టు తటపటాయించి మూసుకుంది. అందులోంచి దిగిన డాక్టరమ్మ అతని వైపు చూడకుండానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నర్సు తల బయటికి పెట్టి, రండి అంది.

గది పచ్చగా, మసగ్గా ఉంది, తెరలు సగం వేసి ఉన్నాయి. అక్క మంచం మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ ఒళ్ళో, బడిపిల్లలా. డాక్టరమ్మ ప్లాస్టరు ఊడదీస్తుంటే చర్మం సాగి వదిలిన చప్పుడు వినిపించింది. దూది తీసి, తడిగుడ్డతో తుడిచి, మెల్లగా తెరవండమ్మా అంది. రెప్ప ఒణికింది. తెరుచుకుంది. ఎర్రగా ఉంది కన్ను, నీళ్ళు కారుతున్నాయి. పాలపొర మాత్రం లేదు. నల్లగుడ్డు నల్లగా, లోతుగా ఉంది. డాక్టరమ్మ వేళ్ళెత్తి, ఎన్నో చెప్పండి అంది. అక్క చెప్పలేదు. ఆ కన్ను వేళ్ళ మీద ఆగకుండా గదంతా తడుముతూ వచ్చి, జానెడు పక్కన కాకుండా, సరిగ్గా అతని మీద ఆగింది.

"నీ జుట్టేమైందిరా?" అంది అక్క.

డాక్టరమ్మ, "ముందు వేళ్ళు చెప్పండమ్మా," అంది.

"మూడు. మధ్య వేలి గోరు విరిగింది, చూసుకోండి," అంది అక్క, అతని మీంచి చూపు తిప్పకుండానే. "ఇంత తెల్లబడితే చెప్పవేరా?"

"నువ్వు అడగలేదుగా."

"ఊళ్ళో ఉన్న గోడలన్నీ చెప్పావు."

డాక్టరమ్మ నవ్వింది, లైటు వేసి కంట్లోకి చూసింది, బాగుంది, కొన్నాళ్ళు మసకగా ఉంటుంది, చుక్కలు మానకండి అని చెప్పి, తన గోరు చూసుకుంటూ వెళ్ళిపోయింది. నర్సు పళ్ళెం తీసుకుని ఆమె వెనకే వెళ్ళింది. గదిలో ఇద్దరే మిగిలారు. అక్క చెయ్యి చాపింది.

"ఏదీ, ఫోటో."

ఎన్నో విధాలుగా చెప్పుకున్నాడు ఆ మాటని బల్ల మీద కూర్చుని. వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"లేదక్కా. తీయలేదు."

చెయ్యి అలాగే ఉంది గాలిలో.

"నువ్వు నవ్వడం నిజం. ఎండ నిజం. చూశాను, అంతే. నొక్కలేదు."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వైపు చూసింది, తెర వైపు, గోడ మీద చిన్న మేకు వైపు, చూడగలిగినవన్నీ ఒక్కొక్కటే ముట్టుకున్నట్టు.

"దానికోసమే కదరా ఈ కన్ను వాళ్ళ చేతుల్లో పెట్టింది."

"అవును."

"పోయుంటే?"

ఏదో ఒకటి అల్లి చెప్పాలని అతనికి అనిపించలేదు. నిలబడ్డాడు. ఎక్కడో దూరంగా బండి చక్రాలు దొర్లుతున్నాయి. ఆ శబ్దం నడవా చివరిదాకా వెళ్ళి ఆగేవరకూ ఇద్దరూ విన్నారు.

"ఎందుకు నొక్కలేదు?" అంది అక్క, ఈసారి గొంతు తగ్గించి.

"నువ్వు చూడట్లేదు కదా. నువ్వు చూడనప్పుడు తీస్తే… పడుకున్న మనిషి జేబులో చెయ్యి పెట్టినట్టుండేది."

ఆమె అతన్ని చూసింది. తెల్లబడిన జుట్టు, కళ్ళ కింద సంచులు, సరిగ్గా గీసుకోని గడ్డం, కాలరు మీద ఒక గుండీ లేకపోవడం. అన్నిటి మీదా ఆ చూపు మెల్లగా నడిచింది. తనని ఎవరూ అంతసేపు అలా చూడలేదు. ఫోటోకి కూర్చున్నవాళ్ళకి ఇలాగే ఉంటుంది కాబోలు, ఎటు తిరగాలో, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియకుండా. కదలకుండా నిలబడ్డాడు, ఆమెకి కావలసినంతసేపు.

"ఇప్పుడు చూస్తున్నాగా," అంది.

అతను కెమెరా తీశాడు. కిటికీ తెర కొంచెం జరిపాడు, వెలుతురు మంచం మీదికి వచ్చింది. గాజులోంచి చూశాడు. చెంప మీద ప్లాస్టరు ఊడిన చదరం, చెదిరిన జుట్టు, మూసుకుపోయిన కన్ను, ఎర్రటి కన్ను. నవ్వు జాడే లేదు. బిగించిన దవడ, ఒకవైపుకి వెళ్ళిన పెదవి. ఒక అడుగు ముందుకేశాడు. ఇంకొకటి. అంచుల్లో ఏమీ మిగలనంత దగ్గరికి వెళ్ళాడు. ఆ కన్ను అతన్నే చూస్తోంది. అతను నొక్కాడు.

కెమెరా తెర ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. అక్క రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. ముసలిదాన్నయ్యాను అని అంటుందనుకున్నాడు. అనలేదు.

"ఇందులో నీ మీద చాలా కోపంగా ఉన్నానే," అంది.

"ఉన్నావు."

"తెలుస్తోంది." వేలితో తెర మీద మసక తుడిచింది. అది తుడిస్తే పోయే మసక కాదు, కంటిది. అయినా తుడిచింది. అతను కెమెరా కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఉండరా," అంది, "ఇంకా చూస్తున్నా."